టైరక్క బాకీపడ్డ దెబ్బ

టైరక్క కొట్టిన దెబ్బకి ఏసీ మేస్త్రీ ముందుపన్ను ఊడి మంచం కిందకి దొర్లింది. ఆయన దాన్ని వెతుక్కోలేదు. అరిచేత్తో నోరు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతుండగా, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన నిచ్చెన మాత్రం గోడకి ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది. మర్నాడు టైరక్క దాన్ని కూడా కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది. ఎవరో పట్టుకుపోయారు.

ఆ రోజు నుంచి ఆయనకి ఊళ్లో బోసి మేస్త్రీ అన్న పేరు స్థిరపడింది. అంతకుముందు ఆయనకో పేరు ఉండేది. ఇప్పుడది ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

టైరక్క అంటే ఎవరో చెప్పాలి. లారీలు ఆగే రోడ్డు మలుపులో రేకుల షెడ్డు, షెడ్డు ముందు అరిగిపోయిన టైర్ల గుట్ట, లోపల కంప్రెసరు, నీళ్ల తొట్టి, గోడకి వేలాడే సుత్తులు. అదంతా తండ్రి పెట్టిన కొట్టు. తండ్రి పోయాక కూతురు చేతికి వచ్చింది. మగాళ్లు ఇద్దరు కలిసి ఊడదీసే లారీ టైరుని ఆవిడ ఒక్కతే సుత్తితో నాలుగు బాది రిమ్ము నుంచి ఊడదీసేది. అలాంటి భుజాలు ఆవిడవి. పెళ్లి చేసుకున్నవాడు ఆ భుజబలం ఒకసారి రుచి చూసి, దొరికిన బస్సెక్కి వెళ్లిపోయాడు. ఈల వేసిన డ్రైవరొకడు ఇప్పటికీ కుంటుతాడు.

ఆవిడ దృష్టిలో లోకంలో పనులన్నీ కొట్టడంతోనే అవుతాయి. టైరుని కొట్టాలి, గాలి కొట్టాలి, మేకు కొట్టాలి, గోడకి సున్నం కొట్టాలి, మాట వినని మనిషిని కొట్టాలి. మన భాషే అంత వెసులుబాటు ఇచ్చి పెట్టింది, ఆవిణ్ణి అని ఏం లాభం! చెయ్యి ఎత్తడానికీ దించడానికీ మధ్య ఆలోచించుకునే వ్యవధి ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి దగ్గరికి వెళ్లినవాళ్లు దూరంగా జరిగి నిలబడేవాళ్లు.

ఆ చెయ్యి చేసిన పాపం ఒకటుంది. వీధిలో అందరూ ఎరుగుదురు, ఎవరూ నోరెత్తరు.

ఆవిడకి ఉన్నది ఒక్క తమ్ముడు. షెడ్డులోనే పనిచేసేవాడు. ఒకరోజు లారీ చక్రానికి గాలి కొడుతూ, టైరుని రిమ్ముకి పట్టి ఉంచే లాక్ రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడకుండా, దానికి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. రింగు ఎగిరిందంటే మనిషి తల మిగలదు. అది చూసిన టైరక్కకి ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తుకొచ్చి, 'ఎదురుగా కూర్చుంటావురా, చస్తావురా వెధవా' అంటూ చెంప మీద ఒక్కటి పీకింది. భయంతో పీకింది, ప్రేమతో పీకింది, ఒళ్లు తెలియకుండా పీకింది. వాడు వెనక్కి తూలి బల్లని గుద్దుకున్నాడు. బల్ల మీద ఉన్న, పంక్చర్లు అతికించే సొల్యూషన్ డబ్బా వాడి వీపు మీదుగా ఒలికి, పాచ్‌లు వేడిచేసే స్టవ్వు మీద పడింది. చొక్కాతో సహా మనిషి అంటుకున్నాడు. టైరక్క వట్టి చేతులతో, గోనెతో, తన ఒంటితో ఆ మంట ఆర్పింది. లాక్ రింగు మాత్రం చక్కగానే కూర్చుని ఉందని తర్వాత తెలిసింది.

తమ్ముడు బతికాడు. మెడ నుంచి నడుం దాకా, రెండు చేతులూ, కొత్త చర్మం వేశారు. ఆ చర్మం మెరుస్తుంది, బిగుసుకుంటుంది, చెమట మాత్రం పట్టదు. డాక్టరు సూటిగా చెప్పాడు: "లోపల పుట్టిన వేడి బయటికిపోయే దారి ఇతని ఒంట్లో మూసుకుపోయిందమ్మా. గది చల్లగా ఉంటే మనలాగే బతుకుతాడు. గది వేడెక్కితే మెదడు ఉడికిపోతుంది." దెబ్బ గురించి తమ్ముడు అక్కని ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆవిణ్ణి రోజూ కోసేది.

అందుకని మేడమీది గదిలో ఏసీ పెట్టించింది. ఆ గది చూసి పెట్టించాల్సింది, చూడలేదు. పైన నేరుగా ఎండ తాగే శ్లాబు, పడమటి వైపు గోడ, కిటికీ చెక్కలు ఎండి వంకర్లుపోయి సందులిచ్చాయి. బయట ఉండే మిషన్‌ని, అదే వేడిగాలి కక్కే పెట్టెని, తమ ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న ఇరుకు సందులో బిగించారు. ఆ వేడిగాలి సరాసరి పక్కింటి కుట్టుమిషను పిన్ని ముఖాన కొట్టేది. పిన్ని చెప్పి చూసింది, తిట్టి చూసింది, చివరికి మిషనుకి అడ్డంగా ఒక రేకు తెచ్చి బిగించింది. టైరక్క ఆ రేకు పీకింది. పిన్ని కత్తెర విసిరింది. ఆ గాటు టైరక్క మోచేతి మీద ఇప్పటికీ ఉంది. బదులుగా టైరక్క పిన్ని పూలకుండీలన్నీ మెట్ల మీద బద్దలుకొట్టింది. పిన్ని మళ్లీ రేకు తెచ్చి ఈసారి బోల్టులతో బిగించింది. అప్పటి నుంచీ మాటల్లేవు. కక్కిన వేడిగాలి రేకుకి తగిలి తిరిగి మిషను నోట్లోకే వెళ్లేది. వాళ్ల పంతాల మధ్య ఏసీ ఊపిరాడక తిరుగుతూనే ఉండేది.

ఏటా ఎండలు ముదిరేసరికి గది చల్లబడటం మానేసేది. ఏటా తేనె మేస్త్రీ వచ్చేవాడు. పేరుకి తగ్గ మనిషి. "నీకెందుకక్కా, నేనున్నాగా! గ్యాస్ అయిపోయింది. కొట్టేస్తా" అనేవాడు. కొట్టేవాడు. రాగి గొట్టం మీద తెల్లగా మంచు పట్టే చల్లదనాన్ని ఆవిడ వేలితో ముట్టించి, "చూశావా, ఐసు!" అనేవాడు. కొట్టడం అన్న మాట వినగానే టైరక్కకి మనసు కుదుటపడేది. వీడెవడో పనిమంతుడు అనుకునేది.

ఒక ఏడు తేనె మేస్త్రీ ఊళ్లో లేకపోవడంతో వేరే మేస్త్రీ వచ్చాడు. అప్పటికింకా ఆయన నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. వచ్చినవాడు ఏసీ మూత తెరవలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తలుపు మూసి, అగ్గిపుల్ల గీసి, కిటికీ అంచుల వెంట మంటని నడిపించాడు. మంట వంగినచోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టాడు. పైన శ్లాబు మీదకి ఎక్కి కాళ్లు కాలుతుంటే ఎగురుతూ దిగాడు. సందులోకి తల పెట్టి రేకుని చూసి ఫక్కున నవ్వాడు. ఇంత చేసి, "ఇవాళ గ్యాస్ కొట్టను" అన్నాడు.

"ఎందుకు కొట్టవు?"

"ఏటా కొట్టించావుగా! అది ఎక్కడికి పోతోందో ఎవడైనా చూశాడా? పంక్చర్ వెయ్యకుండా రోజూ వచ్చి గాలి కొట్టించుకుని పోయే లారీవాణ్ణి నువ్వేమంటావు? గాడిద అంటావు. మరి నిన్నేమనాలి?"

ఆయనకి నోటి దురుసు ఎక్కువ. పని తెలుసు, మనిషితో మాట్లాడటం తెలీదు. అదైనా సరిపోయేదేమో కానీ, ఆ మాటకి మంచం మీది తమ్ముడు నవ్వాడు. కాలిన తర్వాత అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. తన కొట్టు మాటతో తనని గాడిదని చేసి, తమ్ముడి చేత నవ్వించిన ఆ నోటి మీద టైరక్క పిడికిలి బిగించి గుద్దింది. పన్ను ఊడిన కథ అదీ.

తర్వాతి ఏడాది ఎండలు మామూలుగా రాలేదు. తారు రోడ్డు మీద టైర్ల అచ్చులు పడ్డాయి. షెడ్డులో సుత్తి పిడి పట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కింది. తేనె మేస్త్రీ వచ్చాడు, గ్యాస్ కొట్టాడు, ఐసు ముట్టించాడు, వెళ్లాడు. టైరక్క నిశ్చింతగా కొట్టుకెళ్లింది.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి తమ్ముడు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఒళ్లు ముట్టుకుంటే పొయ్యి మీది పెనం. ఏసీ మాత్రం బర్రుమని తిరుగుతూనే ఉంది, గాలి వేడిగా వస్తోంది. "రేయ్, రేయ్" అని కుదిపితే వాడు కళ్లు తెరిచి, ఆవిణ్ణి చూసి, "నాన్నా, మంట" అన్నాడు. తర్వాత పళ్లు బిగుసుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. టైరక్క వాణ్ణి భుజాన వేసుకుని బాత్రూములో పడుకోబెట్టి బకెట్లకి బకెట్లు గుమ్మరించింది. రోడ్డుకి అడ్డంపడి లారీ ఆపి, అందులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. వాడి తల తన ఒళ్లో కొట్టుకుంటుంటే, దారిపొడుగునా డ్రైవరు వీపు మీద గుద్దుతూ 'తొక్కు, తొక్కు' అని అరిచింది.

ఐసు ముక్కల మధ్య పడుకోబెట్టి ఎలాగో బతికించారు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "కొన్నాళ్లు ఇక్కడ ఉంచుతాను. ఈలోగా గది బాగుచేయించు. ఇంకోసారి ఇలా అయితే నా దగ్గరకి తీసుకురానక్కర్లేదు" అన్నాడు. ఆవిడకి అర్థమైంది.

అక్కణ్ణుంచి సరాసరి తేనె మేస్త్రీ దుకాణానికి వెళ్లింది. చేతిలో టైరు ఊడదీసే ఇనపగెడ. ముందు గాజుపలక పగిలింది. తర్వాత బల్ల మీది ఫ్యాన్లు, గోడకున్న మీటర్లు, వరసగా పేర్చిన కొత్త పెట్టెలు. తేనె మేస్త్రీ కుర్చీ వెనక్కి నక్కితే కాలరు పట్టి పైకి లేపింది.

"నా తమ్ముణ్ణి చంపబోయావు కదరా!"

"నేనేం చేశానక్కా? గ్యాస్ కొట్టమన్నావు, కొట్టాను. లీకు వెతకమని నువ్వెప్పుడైనా అడిగావా?"

ఆ మాటకి ఆవిడ ఎప్పుడూ చేసే పనే చేసింది. వాడి ముక్కు పచ్చడైంది. అయితే ఈసారి ఎదుటివాడు ఒంటరివాడు కాదు. దుకాణంలో పనివాళ్లు మీద పడ్డారు. ఒకడు వెనక నుంచి జుట్టు పట్టుకున్నాడు, ఇంకొకడు పైపు పానాతో కొట్టాడు. కనుబొమ చీలి, కంట్లోకి రక్తం దిగి, లోకం ఎర్రబడింది. ఆవిడ గెడ గుండ్రంగా తిప్పుతూ వీధిలోకొచ్చి పడింది. చూసేవాళ్లు చుట్టూ చేరారు కానీ లేవనెత్తడానికి ఒక్కరూ ముందుకి రాలేదు. ఆవిడ ఒకప్పుడు వాళ్లందరికీ ఏదో ఒక దెబ్బ ముట్టజెప్పే ఉంది.

ఆ తర్వాత ఊళ్లో ఏ ఏసీ మేస్త్రీ ఫోనెత్తినా "ఆ ఇంటికి నిచ్చెన వెయ్యం" అనేవాడు. మంచి మేస్త్రీని ఎలా ఎంచుకోవాలా అని మనం బుర్ర బద్దలుకొట్టుకుంటాం. ఈవిడ విషయంలో మేస్త్రీలే ఈవిణ్ణి వద్దనుకున్నారు.

పెద్ద షోరూము నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు మాత్రం వచ్చాడు, కొత్తగా ఊళ్లోకి దిగినవాడు కాబట్టి. గుమ్మంలోనే నిలబడి గదిని ఫోనుతో ఫొటో తీసి, "ఇంతకంటే పెద్ద మిషన్లు రెండు పడతాయి మేడమ్" అన్నాడు. గోడ ముట్టుకోలేదు, పైకి చూడలేదు, కిటికీ వైపు తిరగలేదు.

"ఇప్పుడున్నదానికి లీకు ఎక్కడ?" అని అడిగింది టైరక్క. ఆ ప్రశ్న జన్మలో మొదటిసారి అడగడం.

"పాతది పీకి పారేస్తాం కదా మేడమ్, దాని లీకుతో మనకేం పని!"

ఆవిడ చెయ్యి లేచింది. లేచి, గాలిలో ఆగింది. వీణ్ణి కూడా కొడితే తమ్ముడు ఆసుపత్రి మంచం దిగి ఎక్కడికొస్తాడు? టై పట్టుకుని, మెట్ల దాకా నడిపించుకెళ్లి, జాగ్రత్తగా వదిలిపెట్టింది. ఆ కుర్రాడు ఎంత అదృష్టవంతుడో వాడికి తెలీదు.

ఆ పూట కొట్టులో ఎవరిదో ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి పట్టుకుంది. బుడగలు లేచాయి. రోజూ చూసే బుడగలే. పంక్చర్ వెయ్యకుండా గాలి కొట్టించుకునేవాణ్ణి ఏమంటావు? గాడిద అంటాను. ట్యూబు తొట్టిలోనే వదిలేసి, తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని, బోసి మేస్త్రీ ఇంటి దారి పట్టింది.

బోసి మేస్త్రీ వాకిట్లోనే పాక వేసుకుని పనిచేస్తాడు. చుట్టలు చుట్టలుగా రాగి గొట్టాలు, తలకిందులుగా నిలబెట్టిన కంప్రెసర్లు, నీలం మంట కక్కే టార్చి. ఆవిణ్ణి చూడగానే ఆయన ఆ టార్చి ఆవిడ ముఖం వైపు తిప్పాడు.

"ఇంకో అడుగు వేశావంటే కాల్చేస్తా!"

మంట చూసి టైరక్క ఆగిపోయింది. మనుషులకి భయపడని మనిషి, షెడ్డులో తమ్ముడు కాలిన రోజు నుంచి మంటకి భయపడుతోంది. ఆగినచోటే నిలబడి, తమ్ముడి సంగతి చెప్పింది. వేరే మాట కలపకుండా, కూడబలుక్కుని, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన టార్చి ఆర్పాడు కానీ జాలిపడలేదు. నోరు తెరిచి సందు చూపించాడు.

"చూడు. గాలి జారిపోతుంది ఇందులోంచి. సర్వీసు అన్న మాట సరిగ్గా అనలేను. ఫోన్లో అవతలివాళ్లు నవ్వుతున్నారు. నా నిచ్చెన ఏది?"

"పారేశాను."

"పారేశావా! నా బామ్మర్ది పెట్టిన నిచ్చెన అది." ఆయనకి పన్ను కంటే నిచ్చెన మీదే ఎక్కువ కోపం వచ్చినట్టుంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒక డబ్బాని కాలితో తన్ని, వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "పని చేస్తాను. అయ్యాక నిన్ను ఒక్కటి కొడతాను. నాకు నచ్చినచోట, ఉన్న బలమంతా పెట్టి. సరేనా?"

"ఇప్పుడే కొట్టెయ్. బాకీ తీరిపోద్ది."

"ఇప్పుడు కొడితే నా చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో గొట్టం అంచు గరాటులా సమంగా విచ్చుకోదు, నట్టు సరిగ్గా కూర్చోదు. లీకవుతుంది. ముందు పని."

ఆ మాటకే టైరక్క ఆయన్ని ఎంచుకుంది. కోపం కంటే పని ముందు పెట్టిన మనిషిని ఆవిడ అంతకుముందు చూడలేదు.

పని మొదలైంది. తిట్లతో మొదలైంది, తిట్లతో నడిచింది. మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పించి ఆవిణ్ణి శ్లాబు మీద నిలబెట్టాడు. కాళ్లు చుర్రుమంటే, "నీ తమ్ముడి నెత్తిమీద రోజూ ఉండే పొయ్యి ఇదీ" అన్నాడు. థర్మాకోల్ పలకలు ఆవిడ చేతే మోయించి, పరిపించి, పైన తెల్లటి పూత వేయించాడు. పాత చాక్‌పీసు గీతలు ఇంకా ఉన్న కిటికీ సందులన్నీ పూడ్పించాడు. సందులోంచి బయటి పెట్టెని విప్పి, మేడమీద నీడ ఉన్నచోటకి ఎక్కించాడు. పక్కింటి పిన్ని తన కిటికీలోంచి చూస్తూనే ఉంది. పిన్ని బోల్టులతో బిగించిన రేకు ఇక దేనికీ అడ్డం కాకుండా ఊరికే మిగిలిపోయింది.

చివరికి లీకు వంతు వచ్చింది. గొట్టాల్లోకి ఒత్తిడి ఎక్కించడానికి నైట్రోజన్ సిలిండరు తగిలించి, సబ్బునురగ ఒక్కో జాయింటుకీ పూస్తూ వెళ్లాడు. గోడ మూలన, చెయ్యి దూరడమే కష్టమైనచోట, నురగ బుడగలు బుడగలుగా లేచింది. ఆయన ఆ ఇత్తడి నట్టు విప్పి వెలుతురులో పట్టుకుని చూశాడు. చూసి, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

నట్టు నిలువునా చిట్లి ఉంది. దాని మూలలు పానా పళ్లు పట్టి నలిగిపోయి ఉన్నాయి.

"ఎవడో దీన్ని చంపేంత బలం పెట్టి బిగించాడు. ఇది మెత్తటి ఇత్తడి. చేత్తో బిగించి, చిన్న పానాతో ఓ పట్టు పడితే చాలు. ఈ గాట్లు చూడు, ఇంత పెద్ద పానా ఏసీ మేస్త్రీ ఎవడూ వాడడు. ఇది లారీల షెడ్డులో వాడే పళ్ల పానా."

టైరక్క ఆ గాట్లు గుర్తుపట్టింది. ఏసీ పెట్టించిన కొత్తలో ఒకరోజు ఆ మూలన సన్నగా బుస్సుమన్న చప్పుడు వినిపించింది. మేస్త్రీని పిలవడం దేనికిలే అని కొట్టులోంచి పానా తెచ్చి, గోడకి కాలు తన్నిపెట్టి, కిర్రుమనేదాకా బిగించింది. చప్పుడు ఆగింది. బాగుచేశానని మురిసిపోయింది. అప్పటి నుంచీ ఏటా ఆ చిట్లులోంచే గ్యాస్ పోతూ ఉంది, ఏటా తమ్ముడు ఉడుకుతూ ఉన్నాడు. వాణ్ణి ఒకసారి కాల్చిన చెయ్యే ఇన్నేళ్లూ కాలుస్తూ వచ్చింది.

ఆవిడ నేల మీద చతికిలబడింది. నట్టుని గుప్పిట్లో బిగించి, ఆ గుప్పిటతో తన తలని తనే బాదుకోవడం మొదలుపెట్టింది. కనుబొమ మీది కట్టు ఊడి మళ్లీ రక్తం వచ్చింది. బోసి మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకుని ఆపబోతే ఆయన్ని కూడా విసిరికొట్టింది. ఆయన గోడకి కొట్టుకుని, లేచి, ఈసారి మోకాలితో ఆ చేతిని నేలకి అదిమిపట్టాడు.

"ఆపు! కొట్టేది నేను. నీ అంతట నువ్వు కొట్టుకుంటే లెక్కలోకి రాదు."

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చారు. మంచం మీద పడుకోబెట్టి ఏసీ వేశారు. బయట ఎండ గోడలు పగలగొట్టేలా ఉంది. టైరక్క మంచం పక్కన నిలబడి వాడి ముఖమే చూస్తోంది. కాసేపటికి టక్కుమని మిషను ఆగిపోయింది. గదిలో చప్పుడు లేదు. టైరక్క చటుక్కున మేస్త్రీ మీదకి చెయ్యెత్తింది.

"ఆగిపోయింది!"

"చల్లబడింది గనక ఆగింది" అన్నాడాయన, కదలకుండా. "గది చల్లదనాన్ని పట్టి ఉంచితే మిషను పని తగ్గుతుంది. మళ్లీ అవసరమైనప్పుడు అదే తిరుగుతుంది. ఇన్నేళ్లూ పాపం ఆగే దారి లేక తిరిగింది."

ఎత్తిన చెయ్యి ఆవిడ నెమ్మదిగా దించింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎవరూ వినలేదు. పక్కింటి కుట్టుమిషను చప్పుడు కూడా వినపడుతోంది.

"ఇక కొట్టు" అంది టైరక్క. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు తెరిచే నిలబడింది.

బోసి మేస్త్రీ పానా కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కుడిచెయ్యి వెనక్కి లాగాడు. కొట్టడానికే లాగాడు, ఉత్తుత్తికి కాదు. ఆయన కళ్లలో ఆ పన్నూ, ఆ నిచ్చెనా, ఫోన్లో నవ్వినవాళ్లూ అందరూ ఉన్నారు.

"వరసలో నా వెనకాల నిలబడవయ్యా మేస్త్రీ" అన్నాడు మంచం మీంచి తమ్ముడు.

ఇద్దరూ అటు తిరిగారు. వాడు లేచి కూర్చున్నాడు. కాళ్లు కిందకి దించి, మంచం పట్టె ఊతంగా లేచి నిలబడ్డాడు.

"అక్కని కొట్టాల్సిన మొదటి దెబ్బ నాది. ఎప్పట్నుంచో అట్టిపెట్టుకున్నాను. నాది అయ్యాకే నీది."

బోసి మేస్త్రీ చెయ్యి దించి పక్కకి జరిగాడు. తమ్ముడు అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. బిగుసుకుపోయిన చర్మంతో వాడి చెయ్యి భుజం పైకి లేవదు. టైరక్కకి అది తెలుసు. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, వాడి చేతికి అందేంత ఎత్తులో ముఖం పెట్టింది.

వాడు కొట్టాడు. ఒంట్లో మిగిలిన సత్తువంతా కూడదీసి కొట్టాడు. ఆ చప్పుడికి పక్కింటి కుట్టుమిషను ఆగిపోయింది. ఆవిడ పెదవి చిట్లింది. ఆ చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి. అయిదోది వాడికి మంటలోనే పోయింది.

"ఇంకోటి కొట్టరా" అంది ఆవిడ ఏడుస్తూ. జీవితంలో అంత హాయిగా ఆవిడ ఎప్పుడూ ఏడవలేదు.

"చాలు" అన్నాడు వాడు. రొప్పుతూ వెళ్లి మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. మోకాళ్లు కడుపులోకి లాక్కుని, "అక్కా, చలేస్తోంది. దుప్పటి తే" అన్నాడు.

బోసి మేస్త్రీ పానాలు ఏరి సంచీలో వేసుకున్నాడు. "నాది బాకీ ఉంది. మర్చిపోకు" అన్నాడు గుమ్మంలో. కానీ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టైరక్క ఇల్లంతా వెతికింది. పెట్టెలు తీసింది, అటక చూసింది. వాడు కాలిన తర్వాత ఆ ఇంట్లో దుప్పటి అవసరం ఎవరికీ రాలేదు. ఒక్కటి కూడా లేదు. పాత చీర ఒకటి చేతిలోకి తీసుకుని, పల్చగా ఉందని పక్కన పడేసింది. మెట్లు దిగి, సందు దాటి, తను కుండీలు పగలగొట్టిన మెట్లెక్కి పక్కింటి తలుపు దగ్గర నిలబడింది. బాదడానికి పిడికిలి ఎత్తింది. ఎత్తి, విప్పి, వేలి కణుపుతో మెల్లగా తట్టింది.

పిన్ని కత్తెర చేత్తో పట్టుకునే తలుపు తీసింది. టైరక్క చెంప మీది నాలుగు వేళ్లూ చూసింది, చిట్లిన పెదవి చూసింది.

"పిన్నీ," అంది టైరక్క, "మావాడికి చలేస్తోందట. దుప్పటి ఉంటే ఒకటి ఇస్తావా?"